ఊరినుంచి తిరిగివచ్చిన తరువాత

(సంఘ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశములో ఒక అరగంటసేపు మాట్లాడవలసినదని కార్యదర్శిగారు మమ్ములను కోరారు. ఏ విషయము మీద అని అడిగితే, "మీకు తెలిసిన విషయము మీద" అన్నారు. మేము పండితులము కాము. పదవ తరగతి చదువుతో రైలు కొలువులో గుమాస్తాగా చేరినవారము. రిజర్వేషను కిటికీకి లోపలి వైపున కూర్చుని పది పన్నెండేండ్లుగా జనమును చూస్తున్నవారము. మాకు బాగా తెలిసినవి మూడే మూడు: టిక్కెట్టు, సెలవు చీటీ, ప్రయాణము. కనుక ఆ మూడింటికీ చెందిన విషయమునే ఎంచుకొన్నాము.

సెలవు పెట్టి ఊరికి వెళ్ళి తిరిగివచ్చిన తరువాత మన ఒళ్ళు, మన మనస్సు ఎట్లా వుంటున్నవి? ఇదీ ప్రశ్న. వెళ్ళేముందు సంబరమును గురించి అందరూ మాట్లాడుకొంటారు. అక్కడ తిన్న ముంజలను గురించి, పనసతొనలను గురించి నెలరోజులు చెప్పుకొంటారు. వచ్చిన తరువాతి నీరసమును గురించి మాత్రము ఎవరూ నోరు విప్పరు. ఖుర్దారోడ్డు ప్లాట్‌ఫారము మీద జూను నెలలో తెల్లవారుజామున దిగే మన కుటుంబములను చూడండి. పెట్టెల మీద పెట్టెలు, ఆవకాయ జాడీ, జీడిపప్పు పొట్లము, నిద్ర చాలని పిల్లలు, మాటా పలుకూ లేని తల్లి, గడియారము చూసుకొనే తండ్రి. ఆయన పది గంటలకు డ్యూటీలో వుండాలి. విశ్రాంతికని వెళ్ళినవారు ఇట్లా వస్తున్నారేమి?

ఇప్పుడు చాలమంది టిక్కెట్లు చేతిలోని ఫోనులోనే తీసుకొంటున్నారు. అయినా కిటికీ ముందు వరుస పూర్తిగా పోలేదు. ఇదివరకు ప్రయాణమునకు 120 దినముల ముందే రిజర్వేషను దొరికేది. 2024 నవంబరు 1 నుంచి దానిని 60 దినములకు తగ్గించారు. కనుక మే నెల ప్రయాణమునకు మార్చిలో వరుస కడతారు. ఆ మార్చి నెల ముఖములను మేము రోజూ చూస్తాము. బెర్తు ఖాయమైనదని చెప్పగానే, రెండు నెలల దూరమున వున్న ఊరు అప్పుడే కళ్ళలో కనబడుతుంది. మా కిటికీ అనుభవమును శాస్త్రమని మేము చెప్పబోము. కాని శాస్త్రజ్ఞులు కూడ ఇదే చూశారని తెలిసి ఆశ్చర్యపోయాము.

నెదర్లాండ్స్ దేశములో 1,530 మందిని పరిశీలించి 2010లో ఒక వ్యాసము ప్రచురించారు. వారిలో 974 మంది సెలవులకు ప్రయాణము చేసినవారు, మిగిలినవారు చేయనివారు. వెళ్ళబోయేవారు వెళ్ళకముందు తక్కినవారికన్న ఎక్కువ సంతోషముగా వున్నారు. తిరిగివచ్చిన తరువాత చూస్తే ఇరువురికీ పెద్ద భేదము లేదు. "మా సెలవు చాల ప్రశాంతముగా గడిచినది" అని చెప్పినవారికి మాత్రమే ఆ సంతోషము కొన్ని వారములు నిలిచింది. తక్కినవారికి, అంటే ఓ మాదిరిగా గడిచినవారికీ, సతమతమై వచ్చినవారికీ, వెళ్ళకుండా ఇంటిలో వున్నవారికీ తేడా కనబడలేదు.

అదే దేశములో జెస్సికా డి బ్లూమ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 54 మంది ఉద్యోగులను సెలవుకు ముందు, సెలవులో, సెలవు తరువాత కూడ ప్రశ్నించి 2013లో ఫలితములు ప్రకటించారు. ఆ ఉద్యోగుల సెలవు సగటున 23 దినములు. ఆరోగ్యము, ఉత్సాహము సెలవు మొదలైన వెంటనే పెరుగుతూ పోయి ఎనిమిదవ నాటికి పతాకస్థాయికి చేరినవి. తిరిగి పనిలో చేరిన మొదటి వారము లోపలనే మళ్ళీ పాత మట్టమునకు దిగిపోయినవి. మూడు వారముల సెలవు ఒక్క వారములో కరిగిపోయిందన్న మాట!

ఇది విని "అయితే సెలవు దండుగే గదా" అనుకొనేవారు మన ఆఫీసులలో వున్నారు. వారికి రెండు జవాబులున్నవి. మొదటిది: 2025లో అమెరికాలో ప్రకటించిన మరొక పరిశీలన. 9 దేశములలో జరిగిన 32 పరిశోధనలను ఒకచోట చేర్చి చూసి, సెలవు వలన మేలు మునుపు అనుకొన్నదానికన్న ఎక్కువనీ, అది తగ్గుతూ పోయినా మునుపు అనుకొన్నంత తొందరగా మాయమైపోదనీ వారు తేల్చారు. సెలవులో ఆఫీసు ఆలోచన పూర్తిగా వదిలినవారికి, ఒళ్ళు కదిలేటట్లు నడకో ఆటో పెట్టుకొన్నవారికి మేలు హెచ్చుగా కనబడిందని కూడ చెప్పారు. ఎంతకాలము నిలుస్తుందన్న దానిలో భేదమున్నా, సెలవు ఎట్లా గడిపామన్నదే ముఖ్యమన్న సంగతిలో అందరూ కలిశారు.

రెండవ జవాబు ఇంకా గట్టిది. గుండెజబ్బు రాగల ప్రమాదమున్న 12,338 మంది మధ్యవయస్సు పురుషులను అమెరికాలో తొమ్మిదేండ్లు గమనించి 2000లో ఒక నివేదిక వ్రాశారు. ఏటేటా సెలవు తీసుకొన్నవారిలో మరణములు తక్కువగా వున్నవి. ఆరోగ్యము బాగున్నవాడే, చేతిలో డబ్బు వున్నవాడే సెలవుకు పోగలడు గనుక, సెలవే ఆయుష్షు పోసినదని దీనిని బట్టి ఖాయముగా చెప్పరాదు. పరిశోధకులు అటువంటి భేదములను లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడ కొంత మేలు మిగిలిందన్న మాట మాత్రము నిజము.

సెలవును పొదుపు చేసే సోదరులతో ఇక్కడ ఒక మాట. రైలు ఉద్యోగికి ఏటా 30 దినముల జీతపు సెలవు వస్తుంది. జనవరి 1న 15, జూలై 1న 15 లెక్కలో పడతవి. 300 దినముల వరకు కూడబెట్టి పదవీ విరమణ నాడు డబ్బుగా తీసుకొనవచ్చును. ఆ డబ్బుతో కూతురి పెండ్లి చేసినవారు, ఇంటికి పైకప్పు వేసినవారు మనలో వున్నారు. దానిని తప్పని మేమెట్లా అంటాము? కాని జీతముతో కూడిన సెలవు ఆకాశము నుంచి పడిన వస్తువు కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936లో, ఒక సంవత్సరము పనిచేసినవానికి కనీసము ఆరు పనిదినములు జీతముతో సెలవు వుండాలని ఒప్పందము చేసింది. మన దేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 20 దినముల పనికి ఒక దినము చొప్పున సెలవు ఇవ్వవలెనని శాసించింది. మన తాతలు గ్యాంగులో పనిచేసిన కాలములో ఇటువంటి హక్కు కలలో కూడ లేదు. అటువంటి హక్కును పూర్తిగా బీరువాలో పెట్టి తాళము వేయడము న్యాయమా? సగము దాచండి, సగము వాడండి అని మా మనవి.

ఇక అసలు సంగతికి వస్తాము. ఆ మేలు ఎందుకు కరిగిపోతున్నది? మనిషి దేనికైనా తొందరగా అలవాటుపడతాడు. సుఖమునకూ అంతే, కష్టమునకూ అంతే. అది ప్రకృతి, దానిని మనము మార్చలేము. కాని మన చేతిలో వున్న కారణములు కూడ కొన్ని వున్నవి. వాటిని ఒక్కొక్కటే చూద్దాము.

మన ప్రయాణములు పేరుకు సెలవు, చేతకు డ్యూటీ. మన కుటుంబములలో ఎక్కువ భాగము శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలకు చెందినవి. వేసవిలో అక్కడకు వెళ్ళి మనము చేసేదేమిటి? మూడు పెండ్లిండ్లు, ఒక గృహప్రవేశము, ఒక మొక్కుబడి, పొలము గట్టు తగాదా, అన్నదమ్ముల లెక్కలు, ఏ బంధువు ఇంటికి ముందు పోలేదో వారి అలక తీర్చడము. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞురాలు సబీనె సొన్నెన్‌టాగ్, ఆమె సహచరి కలిసి 2007లో విశ్రాంతికి నాలుగు లక్షణములు చెప్పారు: పని ఆలోచన మనస్సును విడిచిపోవడము, దేహము మనస్సు సేదదీరడము, కొత్తదేదైనా నేర్చుకోవడము, తన కాలము తన చెప్పుచేతలలో వుండడము. మన వేసవిని ఈ నాలుగింటితో తూచి చూడండి. ఆఫీసు నుంచి ఫోను వస్తూనే వుంటుంది. సేదదీరడము పెండ్లివారి బాజాలలో కొట్టుకొనిపోతుంది. కాలము మామగారి చేతిలోనో, పురోహితుని చేతిలోనో, వకీలు చేతిలోనో వుంటుంది. కొత్తగా నేర్చుకొన్నదేమిటంటే, ఫలానివారికి ఫలానివారితో మాటలు లేవని!

అప్పు మరొకటి. బట్టలకు, చదివింపులకు, దారి ఖర్చులకు సొసైటీలో తీసిన అప్పు జూలై నుంచి జీతములో కోత పడుతుంది. సెలవు సంతోషము వారములో పోయినా, ఈ కోత మాత్రము ఏడాది పొడుగునా నమ్మకముగా నిలుస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని లెక్కించారో లేదో గాని, మన ఇల్లాండ్రు వేళ్ళమీద లెక్కించి చెప్పగలరు.

ఇల్లాండ్రని అన్నాము గనుక వారి సంగతే చెప్పుకోవాలి. మనము సెలవు పెడతాము. వారు ఎవరికి చీటీ వ్రాసి పెట్టాలి? ఇక్కడ నలుగురికి వండే ఇల్లాలు అత్తవారి ఊరిలో ఇరువదిమందికి వండుతుంది. పుట్టింటిలో వున్న నాలుగు దినములే ఆమెకు సెలవు. ఆ నాలుగు దినములను కూడ "అక్కడెందుకు అన్ని రోజులు?" అని మూడు చేసేవారున్నారు. తిరిగివచ్చిన నాడు ఆమెకు ఎదురయ్యేదేమిటి? మూడు వారముల దుమ్ము, బూజు, మూట విప్పని మాసినబట్టలు, ఖాళీ కూరగాయల బుట్ట, "అమ్మా, ఆకలి" అనే పిల్లలు. మనము పది గంటలకు ఆఫీసుకు పోయి, ఊరినుంచి తెచ్చిన పొట్లము పంచిపెట్టి, కబుర్లు చెప్పుకొంటాము. సెలవు మేలు మనకు వారములో కరిగితే, ఆమెకు మధ్యాహ్నము లోపలే కరుగుతుంది.

ఈ సందర్భములో మన ఒడియా సోదరుల ఆచారమొకటి మనము గమనించాలి. మన కుటుంబములు తిరిగివచ్చే జూను నెల నడుమనే ఇక్కడ రజ పండుగ వస్తుంది. మిథున సంక్రాంతిని మధ్య నుంచుకొని మూడు దినములు జరుపుతారు. ఆ మూడు దినములు భూమికి విశ్రాంతి. నాగలి పట్టరు, నేల త్రవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి ఊయలలూగుతారు. ఆడవారు నూరడము, రుబ్బడము మానుతారు. ముందే చేసి వుంచిన పొడొ పిఠా తింటారు. నాలుగవ నాడు వసుమతీ స్నానము. భూమికి, స్త్రీకి కలిపి విశ్రాంతి నిర్ణయించిన పండుగ ఇది. మనము తరతరములుగా ఈ నేల మీద వుంటూ, ఆ పిఠా రుచి నేర్చుకొన్నాము గాని ఆ పండుగ అర్థము నేర్చుకోలేదు. ఊరినుంచి వచ్చిన తరువాత మూడు దినములు మన ఇంటి ఆడవారికి ఎందుకు రజ కారాదు? ఇల్లు ఊడ్చడము మగవాడు చేస్తే చీపురు కాదంటుందా? పప్పు బియ్యము కలిపి కుక్కరులో పెట్టడమునకు డిపార్టుమెంటు పరీక్ష ప్యాసు కావాలా?

పిల్లల సంగతి. అమ్మమ్మగారి ఊరిలో నెల్లాళ్ళుండి వచ్చిన పిల్లవాని తెలుగు విన్నారా? "పొలమ్మీదకి ఎల్లొచ్చాం" అంటూ యాసతో సహా తెస్తాడు. చెట్ల పేర్లు, చేపల పేర్లు, చుట్టరికముల పేర్లు నాలుకమీద ఆడుతుంటవి. బడి తెరిచిన తరువాత ఒక్కొక్కటే జారిపోతవి. దసరా నాటికి "అమ్మమ్మకు ఫోనులో మాట్లాడరా" అంటే సిగ్గుపడి తల్లి కొంగు చాటుకు పోతాడు. ఆరోగ్యము కరిగినట్లే భాష కూడ కరుగుతున్నది. ఆరోగ్యము మరుసటి వేసవికి మళ్ళీ రావచ్చును. భాష ప్రతి ఏడూ కొంత తక్కువగా తిరిగివస్తుంది. ఇది మన సంఘము ఆలోచించవలసిన సంగతి.

ఇంకొకరున్నారు, వారిని గురించి ఏ పరిశోధనలోనూ మాకు కనబడలేదు. మనము బండి ఎక్కిన తరువాత వీధి అరుగు మీద మిగిలిపోయే ముసలి తల్లి. మనకు సెలవు ముగిసిందంటే ఆమెకు ఇల్లు ఖాళీ అయిందన్న మాట. నెలరోజులు పిల్లల అరుపులతో నిండిన ఇంటిలో ఆ రాత్రి గడియారము చప్పుడు కూడ వినబడుతుంది. మనకు పనిలో పడి మరచే అదృష్టము వున్నది. ఆమెకు అదీ లేదు. "చేరామమ్మా" అని ఒక్క మాట ఫోనులో చెప్పి, మళ్ళీ వినాయకచవితి వరకు తీరిక దొరకని కొడుకులు మనలో వున్నారు. సెలవు తరువాతి బాగోగులను గురించి మాట్లాడేటప్పుడు ఆమె బాగోగులు కూడ లెక్కలోకి రావద్దా?

చివరి కారణము అన్నిటికన్న లోతైనది. "అక్కడిది బ్రతుకు, ఇక్కడిది బ్రతుకుతెరువు" అని మనమొక విభాగము చేసుకొన్నాము. సంవత్సరములో పదకొండు నెలలు గడిపే చోటును విడిది అనీ, ఒక నెల గడిపే చోటును ఇల్లు అనీ పిలుస్తున్నాము. అట్లా అనుకొన్నవానికి తిరుగుప్రయాణము ప్రతి ఏడూ ఒక చిన్న దేశబహిష్కారమే అవుతుంది. బెజవాడ నుంచి కటకము వరకు తూర్పుకోస్తా రైలుమార్గము 1893, 1896 సంవత్సరముల మధ్య తెరుచుకొన్నది. 1897లో ఇక్కడినుంచి పూరీకి శాఖ వేశారు. ఆ పట్టాల వెంటనే మనలో చాలమంది ముత్తాతలు వచ్చారు. బరంపురము, గంజాము వైపు కుటుంబములు అసలు ఎక్కడినుంచీ రాలేదు. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు సరిహద్దే వారి గుమ్మము దాటి అవతలకు పోయింది. నాలుగు తరముల తరువాత కూడ ఈ నేలను పరాయిదంటే ఎట్లా? మన పిల్లలు పుట్టిందిక్కడ. మన తాతలను దహనము చేసిందిక్కడ. ఊరిని ప్రేమించడమంటే ఇక్కడి ఇంటిని చిన్నచూపు చూడడము కాదు. తిరిగివచ్చిన నాడు "ఇంటికి చేరాము" అని నోరారా అనగలిగినవానికి, ఆ బెంగ సగము తగ్గుతుందని మా నమ్మకము.

అయితే చేయవలసినదేమిటి? మాకు తోచినవి చెబుతాము. మంచివైతే గ్రహించండి.

సెలవును ముక్కలు చేయండి. ఉత్సాహము ఎనిమిదవ నాటికే శిఖరమెక్కుతున్నదన్నారు. నాలుగైదు దినముల చిన్న సెలవు కూడ ఒంటికి మేలు చేస్తుందని, అదీ త్వరగానే కరుగుతుందని పరిశోధకులు చూశారు. పెద్దదీ కరిగి, చిన్నదీ కరిగినప్పుడు, ఒక్కసారి పెద్దది తీసుకొని పదకొండు నెలలు ఎదురుచూడడముకన్న, రెండు మూడుసార్లు చిన్నవి తీసుకోవడము తెలివి. ఎదురుచూపులోని సంతోషము కూడ అన్నిసార్లు దక్కుతుంది. మనలో చాలమందికి ఊరు అంత దూరము కాదు. పలాసకు ఎక్స్‌ప్రెస్ బండిలో మూడు నాలుగు గంటలు. కిటికీ దగ్గర చోటు దొరికితే, బాలుగాం దాటిన తరువాత ఎడమచేతి వైపు చిల్కా నీళ్ళు, కుడిచేతి వైపు కొండలు చూస్తూ పోవచ్చును. అంత అందమైన దారిని మనము ఏడాదికొక్కసారి, అదీ రాత్రి బండిలో నిద్రపోతూ దాటుతున్నాము.

ఊరికి పోలేని వారములలో ఇక్కడే తిరగండి. పూరీ సముద్రము 44 కిలోమీటర్లు. బరుణై కొండ, అత్రి వేడినీటి బుగ్గ, ధౌళి, ఖండగిరి మన వాకిట్లోనే వున్నవి. దేశదేశముల నుంచి జనము వీటిని చూడ వస్తుంటే, మనలో చుట్టములు వచ్చినప్పుడు తప్ప వాటి ముఖము చూడనివారెందరో!

పెండ్లిండ్ల ప్రయాణమును సెలవని పిలవకండి. పెండ్లికి పోవాలి, తప్పదు. కాని ఆ పది దినములలో రెండు దినములు ఎవరి పిలుపూ లేకుండా మీ కోసము వుంచుకోండి. ఆఫీసు పని మరొకరికి సరిగా అప్పజెప్పి, ఏ కాగితము ఎక్కడున్నదో ఒక చీటీమీద వ్రాసి యిచ్చి, ఆ తరువాత ఫోను ఇంట్లో పెద్దలకిచ్చి పొలము గట్లమీద నడవండి. లోకము ఆగిపోదు. మేము లేని దినములలో కూడ మా కిటికీలో టిక్కెట్లు అమ్ముడుపోతూనే వున్నవి.

తెల్లవారి దిగి పదింటికి డ్యూటీలో చేరే అలవాటు మానండి. ఒక దినము ముందు రండి. ఊరిలో ఒక దినము తగ్గినందుకు బాధపడకండి. ఆ దినము సెలవులో భాగమే. బయలుదేరే ముందే ఇల్లు సర్ది, ఒక పూటకు సరిపడా బియ్యము, పప్పు, నాలుగు బంగాళాదుంపలు వుంచి వెళ్ళండి. మన క్వార్టర్లలో ఇరుగుపొరుగు ఒక ఏర్పాటు చేసుకోవచ్చును: ఏ కుటుంబము ఊరినుంచి దిగినా ఆ నాటి మధ్యాహ్న భోజనము పక్క ఇంటినుంచి రావాలి. ఈ వేసవిలో వారు మనకు, మనము వారికి. దీనికి సంఘము చందా కూడ అక్కరలేదు.

పిల్లల భాష కోసము వారమునకు ఒక్క సాయంత్రము చాలు. ఊరినుంచి తెచ్చిన మాటలను పిల్లలచేత ఒక పుస్తకములో వ్రాయించండి. ఆదివారము సంఘ మందిరములో ఆ మాటలతో పిల్లలే కథ చెప్పాలి. తప్పులు దిద్దవద్దు, నవ్వవద్దు. నవ్వినందువల్ల నోరు మూసుకొన్న పిల్లలు మనకు కావలసినంతమంది వున్నారు. అమ్మమ్మకు, నాయనమ్మకు వారమునకొకసారి ఫోను చేసి పిల్లవానిచేతనే మాట్లాడించండి. ఒక ఫోనుతో ఇద్దరి ఆరోగ్యము.

పెద్దవారిని ఇక్కడకు తీసుకురండి. సెలవంటే మనము వెళ్ళడమే కాదు, వారు రావడము కూడ. కార్తీకము దాటి చలి తగిలినప్పుడు ఒక నెల వారిని మన ఇంట వుంచుకొందాము. జగన్నాథుని దర్శనము చేయిద్దాము. మన పిల్లలు చదివే బడి, మనము పనిచేసే చోటు, మనము కూరలు కొనే బజారు వారు చూడాలి. అప్పుడు మన ఇల్లు వారి కళ్ళకు కూడ ఇల్లవుతుంది. వారు తిరిగి వెళ్ళిన తరువాత మన ఇల్లు ఖాళీగా తోస్తుంది. అప్పుడు మనకు వారి వేసవి అర్థమవుతుంది.

సోదర సోదరీమణులారా! మేము చెప్పినదాని సారము ఇంతే. సెలవు సంతోషమును పెట్టెలో పెట్టి తాళము వేసి తెచ్చుకోలేము. అది ఐసు దిమ్మ వంటిది. ఎంత గుడ్డ చుట్టినా దారిలో కరుగుతుంది. కాని ఊరిలో చేసిన ఒక మంచి పనిని ఇక్కడకు తెచ్చుకోవచ్చును. ఉదయము నడక, రాత్రి తొందరగా నిద్ర, పిల్లలతో కలిసి భోజనము, నలుగురితో అరుగుమీద మాట: వీటికి బెర్తు అక్కరలేదు, సొసైటీ అప్పు అక్కరలేదు. ఇవి ఇంటిలో నిలిస్తే సెలవు నిలిచినట్లే.

రాబోవు వేసవిలో మీ అందరి ప్రయాణములు సుఖముగా సాగాలని, తిరుగు టిక్కెట్టులో ఒక దినము ముందు తేదీ వేయించుకోవాలని, వచ్చిన తరువాత మూడు దినములు మీ ఇంటి ఆడవారికి విశ్రాంతి దక్కాలని కోరుతున్నాము. ఈ సమావేశమునకు రాలేని తల్లులు సంచికలో దీనిని చదివి, ఆ చివరి కోరికను మీ వారికి పైకి చదివి వినిపించగలరు.